సున్నా వేరు, తెలియకపోవడం వేరు

పాతకాలపు స్కూటరు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇంకా మిగిలి ఉంటే దాని వేగం చూపించే మీటరును ఒకసారి పరిశీలించండి. ముందు చక్రం దగ్గర నుంచి నల్లని గొట్టం ఒకటి హ్యాండిల్ దాకా పాకి ఉంటుంది. ఆ గొట్టంలో ఉక్కు తీగ ఉంటుంది. చక్రం తిరిగితే తీగ తిరుగుతుంది. తీగ చివర మీటరులో ఒక చిన్న అయస్కాంతం, దాన్ని కప్పుతూ అల్యూమినియం గిన్నె, గిన్నెకు అతికించిన ముల్లు. అయస్కాంతం గిర్రున తిరుగుతూంటే గిన్నెలో సుడి ప్రవాహాలు పుట్టి గిన్నెను కూడా తిప్పాలని చూస్తాయి. సన్నని స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ లాగులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే వేగం. 1902లో ఆటో షుల్ట్సే అనే జర్మన్ ఇంజనీరు పేటెంటు తీసుకున్న కిటుకు ఇది. ఆ తరవాత ఎన్నో దశాబ్దాలపాటు ప్రపంచంలోని కార్లూ, స్కూటర్లూ దాదాపు అన్నీ ఈ గిన్నెను నమ్ముకునే నడిచాయి.

ఇప్పుడు ఆ ఉక్కు తీగ తెగిందనుకుందాం. స్కూటరు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. ముల్లు మాత్రం 0 దగ్గర హాయిగా పడుకుని ఉంటుంది. అంటే మీటరు ఏమి చెబుతున్నట్లు? "బండి ఆగి ఉంది" అని చెబుతున్నట్లు. నిజానికి అది చెప్పవలసిన మాట అది కాదు. "బండి వేగమెంతో నాకు తెలియదు" అని చెప్పాలి. కాని పాపం, ఆ మీటరు మీద 0 నుంచి 100 దాకా అంకెలు వేశారు గాని "తెలియదు" అనే గుర్తు ఎక్కడా వేయలేదు.

ఆ లేని గుర్తు గురించే ఈ వ్యాసం. వేగాన్ని కొలిచే పరికరం ఎంత సూక్ష్మంగా కొలుస్తుందన్న దానికంటే, ఆగిపోయిన చక్రానికీ తెగిపోయిన తీగకూ తేడా చెప్పగలదా లేదా అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. ఈ రోజుల్లో బండి చక్రాల దగ్గరా, ఫ్యాక్టరీ యంత్రాల దగ్గరా అమర్చే అయస్కాంత సెన్సార్ చిప్‌ల గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. అంత మంచి చిప్ చెప్పే మాటను మనం వినకుండా తొక్కిపెట్టడం నాకు నచ్చని విషయం. అదీ చెబుతాను.

స్కూటరు నడిపే మనిషికి తీగ తెగితే పెద్ద ప్రమాదం లేదు. ఆయనకు కళ్ళున్నాయి. రోడ్డు పక్క చెట్లు వెనక్కి పరుగెత్తుతుంటే బండి ఆగి ఉందని ఏ ముల్లు చెప్పినా నమ్మడు. కాని ఇప్పుడు చక్రం వేగాన్ని చూసి పని చేస్తున్నది మనిషి ఒక్కడే కాదు. ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు సంగతి వినే ఉంటారు. బాష్ సంస్థ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ బెంజ్ కార్లలోకి వచ్చింది. మన దేశంలో 125 సీసీ మించిన మోటారు సైకిళ్ళలో కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది.

దీని పని ఏమిటంటే, అకస్మాత్తుగా బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడడం. బిగుసుకున్న చక్రం తిరగదు, జారుతుంది. జారే చక్రం హ్యాండిల్ మాట వినదు. అందుకని ఒక చిన్న కంప్యూటరు చక్రాల వేగాన్ని అనుక్షణం కనిపెట్టి ఉంటుంది. ఏ చక్రమైనా ఉన్నట్టుండి సున్నా వైపు పడిపోతుంటే దాని బ్రేకును ఒక లిప్తపాటు వదులు చేసి మళ్ళీ పట్టుకుంటుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. చక్రం బాగానే తిరుగుతోంది. కాని సెన్సార్ తీగ తెగింది. కంప్యూటరుకు "సున్నా" అన్న వార్త అందింది. దానికి కళ్ళు లేవు, చెట్లు కనబడవు. చక్రం బిగుసుకుపోయిందనే అనుకుంటుంది. అప్పుడు ఏం చేస్తుంది? బ్రేకును వదులు చేస్తుంది! సరిగ్గా బ్రేకు కావలసిన సమయంలో! స్కూటరు మీటరులో వట్టి ముచ్చటగా కనిపించిన అబద్ధపు సున్నా ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ప్రమాదం తెలుసు గనుకనే ఏబీఎస్ తయారు చేసేవాళ్ళు, కంప్యూటరు ప్రతి సున్నానూ అనుమానించి చూసేటట్లు ఏర్పాటు చేస్తారు.

ఇంతకీ కంప్యూటరుకు వేగం ఎలా తెలుస్తుంది? నిజం చెప్పాలంటే సెన్సార్ చిప్ వేగాన్ని కొలవదు. పళ్ళు లెక్కపెడుతుంది, అంతే. చక్రంతోపాటు తిరిగే ఒక ఇనుప పళ్ళ చక్రం ఉంటుంది. మోటారు సైకిలు బ్రేకు డిస్కు పక్కన, గళ్ళు గళ్ళుగా కోసిన చిన్న వలయం కనిపిస్తుంది చూడండి, అదే. లెక్కకు సులువుగా ఉండడానికి కారు చక్రం చుట్టుకొలత 192 సెంటీమీటర్లు, పళ్ళు 48 అనుకుందాం. ఒక పన్ను దాటిందంటే కారు 4 సెంటీమీటర్లు జరిగిందన్న మాట. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు. అంటే సెకనుకు 500 పళ్ళు. ఒక పంటికీ మరో పంటికీ మధ్య సెకనులో 500వ వంతు. కంప్యూటరు ఒక సెకను పొడుగునా పళ్ళు లెక్కపెడుతూ కూర్చోదు. అంతలో కారు 20 మీటర్లు పోతుంది, గోడ వచ్చేస్తుంది. రెండు పళ్ళ మధ్య పట్టిన కాలాన్ని చూసి అప్పటికప్పుడే భాగహారం చేస్తుంది. మీరు బడిలో కష్టపడి చేసే భాగహారమే.

మొదట్లో ఈ పళ్ళను లెక్కపెట్టడానికి వాడినది తీగచుట్ట. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి, పళ్ళకు ఎదురుగా పెట్టేవారు. ఇనుప పన్ను దగ్గరికి వచ్చినప్పుడు అయస్కాంత క్షేత్రం చిక్కబడుతుంది, దాటిపోగానే పలచబడుతుంది. క్షేత్రం మారినప్పుడల్లా తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనిపెట్టిన సంగతి. మీ పాఠంలో ఉంటుంది. చవకైనది, మొండిది, బురదకూ వేడికీ జంకదు. తీగచుట్ట సెన్సార్లు ఇప్పటికీ చాలా యంత్రాల్లో ఉన్నాయి.

దీనికొక బలహీనత ఉంది. క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ వోల్టేజి పుడుతుంది. నిదానంగా మారితే నీరసంగా పుడుతుంది. కారు మనిషి నడిచే వేగానికి వచ్చేసరికి తీగచుట్ట గొంతు దాదాపు వినబడదు. చక్రం ఆగితే పూర్తిగా మూగబోతుంది. తీగ తెగినా మూగబోతుంది. చూశారా, మళ్ళీ స్కూటరు ముల్లు దగ్గరికే వచ్చాం! తీగ బాగుందో లేదో తెలుసుకోవడానికి కంప్యూటరు తానే కొంచెం కరెంటు పంపి చూడవచ్చు, చూస్తుంది కూడా. అది సెన్సార్ చెప్పే మాట కాదు, మనం నాడి పట్టుకుని చూడడం.

ఇప్పుడు ఒక్కసారి 1879కి వెళదాం. అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి ఉండేవాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. మాక్స్‌వెల్ మహాశయుడు విద్యుత్తు గురించి రాసిన పెద్ద గ్రంథం చదువుతున్నాడు. అయస్కాంతం పక్కన విద్యుత్తు ప్రవహించే తీగను పెడితే, తీగ మీద బలం పనిచేస్తుందని అందరికీ తెలుసు. ఆ బలం తీగ అనే వస్తువు మీదే గాని, దానిలో ప్రవహించే విద్యుత్తు మీద కాదని ఆ పుస్తకంలో ఉంది. హాల్‌కు ఈ మాట మింగుడు పడలేదు. తీగలో విద్యుత్తు లేకపోతే బలమే లేదు కదా, మరి బలం విద్యుత్తు మీద కాదంటే ఎలా? అని అతని సందేహం.

వెళ్ళి తన గురువు హెన్రీ రోలండ్‌ను అడిగాడు. ఆయనకూ అదే అనుమానం ఉందట. అంతకు ముందే దాని మీద ప్రయోగం చేసి చూశాడు కూడా. ఏమీ కనబడలేదు. కొలిచే పరికరం ముల్లు సున్నా మీద నుంచి కదలలేదు.

ఆ సున్నాకు అర్థమేమిటి? అక్కడ ఏమీ లేదనా? లేక, ఉన్నది తన పరికరానికి అందలేదనా? హాల్ రెండో దారి ఎంచుకున్నాడు. మందపాటి లోహపు పలకకు బదులుగా గాజు పలక మీద అతికించిన అతి పలుచని బంగారు రేకు తీసుకున్నాడు. రేకు గుండా పొడుగునా విద్యుత్తు పంపించి, బలమైన అయస్కాంతపు ధ్రువాల మధ్య నిలబెట్టి, రేకుకు అటు అంచుకూ ఇటు అంచుకూ మధ్య వోల్టేజి ఏమైనా ఉందేమోనని చూశాడు. ముల్లు కదిలింది. అయస్కాంతం దిక్కు మారిస్తే రెండో వైపు కదిలింది. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని జె. జె. థామ్సన్ చూపించినది 1897లో. అంటే హాల్ ప్రయోగం నాటికి విద్యుత్తులో ప్రవహించేదేమిటో కూడా ఎవరికీ తెలియదు.

జరిగేదేమిటో చెప్పడానికి నాకు నిండు కాలువ గుర్తొస్తుంది. నీళ్ళు పొడుగునా పారుతున్నాయి. పక్క నుంచి గట్టిగా గాలి వీస్తే నీళ్ళు ఒక గట్టు వైపు కొంచెం ఒత్తుకుంటాయి. ఆ గట్టు దగ్గర మట్టం పిసరంత ఎక్కువ, ఈ గట్టు దగ్గర పిసరంత తక్కువ. బంగారు రేకులో పారే ఎలక్ట్రాన్లు కాలువ నీళ్ళు. అయస్కాంత క్షేత్రం పక్క గాలి. రెండు అంచుల మధ్య పుట్టిన వోల్టేజి మట్టంలోని తేడా. ఒక్క సంగతి మాత్రం మరవకండి. ప్రవహించని నీటిని కూడా గాలి తోస్తుంది గాని, ప్రవహించని ఎలక్ట్రాన్లను అయస్కాంతం ఇలా పక్కకు తోయలేదు. పోలిక అక్కడితో సరి.

లోహాల్లో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి గనుక అవి మెల్లగా జరుగుతాయి, ఈ వోల్టేజి మరీ అల్పంగా ఉంటుంది. అందుకే హాల్ ఆవిష్కరణ చాలా ఏళ్ళు ప్రయోగశాల వింతగానే ఉండిపోయింది. అర్ధవాహకాలు వచ్చాక కథ మారింది. సిలికాన్ వంటి పదార్థంలో కదిలే ఎలక్ట్రాన్లు రాగిలో కంటే లక్షల రెట్లు తక్కువగా ఉండేటట్లు తయారు చేయవచ్చు. అవే తక్కువ మందితో అంత కరెంటునూ మోయాలంటే వడివడిగా పరుగెత్తాలి. పరుగెత్తే వాటిని అయస్కాంతం గట్టిగా తోస్తుంది. 1960ల చివర్లో అమెరికాలోని హనీవెల్ సంస్థ హాల్ సూత్రంతో పనిచేసే చిప్‌లను ఒక కీబోర్డులోని మీటల కింద పెట్టింది. ఆ తరవాత చిప్ ఖరీదు పడిపోతూ, అది యంత్రాల్లోకీ మోటారు వాహనాల్లోకీ పాకింది.

చక్రం దగ్గర పెట్టే చిప్‌లో ఏముంటుందో చూద్దాం. చిప్ వెనక చిన్న అయస్కాంతం. చిప్ ముఖాన, ఒకదానికొకటి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో రెండు హాల్ రేకులు. పన్ను మొదటి రేకు ముందుకు వచ్చినప్పుడు అక్కడ క్షేత్రం చిక్కన, రెండో రేకు దగ్గర పలచన. పన్ను జరిగితే తారుమారు. రెండింటి తేడా మాత్రమే చూస్తుంది గనుక, వెనక ఉన్న అయస్కాంతం బలమూ, పరిసరాల వేడీ రెండు రేకులకూ ఒకేలా తగిలి కొట్టుకుపోతాయి. తీగచుట్టలా క్షేత్రం మారే వేగంతో దీనికి నిమిత్తం లేదు. చక్రం నత్తలా కదిలినా పన్ను పన్నే. కొన్ని చిప్‌లలో హాల్ రేకులకు బదులు, క్షేత్రంలో పెడితే నిరోధం మారే పలుచని లోహపు పొరలు వాడతారు. ఆ కుటుంబానికి చెందిన ఒక ఆవిష్కరణకు 2007లో ఆల్బెర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అది ఇంకో వ్యాసానికి సరిపడే కథ.

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం తీగల దగ్గర ఉంది. ఇలాంటి చాలా చిప్‌లకు రెండే తీగలు. వాటి గుండానే చిప్‌కు కావలసిన కరెంటు వెళుతుంది, వాటి గుండానే దాని కబురు వస్తుంది. ఎలా? పన్ను ఎదురుగా ఉంటే చిప్ 14 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. సందు ఎదురుగా ఉంటే 7 మిల్లీ ఆంపియర్లు. (ఏది దేనికన్నది తయారీదారు ఇష్టం.) చక్రం తిరుగుతుంటే 7, 14, 7, 14 అంటూ కరెంటు ఊగుతుంది. చక్రం ఆగితే రెండింటిలో ఏదో ఒకదాని దగ్గర నిలిచిపోతుంది. మరి తీగ తెగితే? 7 కాదు, 14 కాదు. అసలు కరెంటే లేదు. రెండు తీగలూ ఒరుసుకుని కలిసిపోతే? 14కి ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు పోతుంది. చిప్ ఇలా మాట్లాడే భాషలో 0 అనే అంకెకు "చక్రం ఆగింది" అనే అర్థం లేనే లేదు. ఆగిన చక్రానికి 7 ఉంది, 14 ఉంది. 0 అంటే ఒక్కటే అర్థం: "నా మాట నమ్మకండి, నేను లేను."

స్కూటరు మీటరు మీద లేని గుర్తు ఇదే. దీన్ని ఎవరో ఇంజనీరు కూర్చుని ఆలోచించి, సున్నాను కావాలని ఖాళీగా వదిలిపెట్టాడు. కొలతల్లో ఇంతకంటే నిజాయితీగల ఏర్పాటు నాకు తెలియదు.

కొత్త మోటారు సైకిలు ఎక్కినప్పుడు ఒక విషయం గమనించండి. తాళం తిప్పగానే ఏబీఎస్ దీపం వెలుగుతుంది. వెంటనే ఆరదు. బండి కదిలి కాస్త వేగం అందుకున్న తరవాత ఆరుతుంది. చాలామంది ఇదేదో లోపమని మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతారు. లోపం కాదు. ఆగి ఉన్న బండిలో తీగలు బాగున్నాయో లేదో కంప్యూటరుకు తెలుస్తుంది గాని, పళ్ళు నిజంగా కనబడుతున్నాయో లేదో తెలియదు. చక్రాలు రెండూ తిరిగి, రెండు సెన్సార్లూ పలికి, రెండు లెక్కలూ పొసిగేదాకా "నాకింకా తెలియదు" అని దీపం వెలిగించి ఉంచుతుంది. తెలిశాక ఆర్పుతుంది. దారిలో సెన్సార్ పాడయితే మళ్ళీ దీపం వెలిగించి తాను తప్పుకుంటుంది; మామూలు బ్రేకు మాత్రం మిగులుతుంది.

ఇంతవరకు చిప్ బాగానే ఉంది. ఇక మనుషుల సంగతి. ఆ దీపం వెలిగితే కొందరు సెన్సార్ మీద గట్టిపడిన బురద తుడవరు, ఎలుక కొరికిన తీగ అతికించరు. కళ్ళకు చికాకుగా ఉందని దీపం మీద నల్ల టేపు అంటిస్తారు. "తెలియదు" అని నిజం చెప్పిన పరికరం నోరు మూయడమన్న మాట. మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తే వాళ్ళకు 7, 14ల కథ చెప్పండి. పిల్లల మాట పెద్దలు వినరని అనుకోకండి. లెక్క వేసి చెబితే వింటారు.

తయారీదారుల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. సెన్సార్ తీగ ఊడిపోతే కొన్ని డిజిటల్ మీటర్లలో ఇప్పటికీ తెర మీద దర్జాగా 0 అని పడుతుంది. 1902 నాటి గిన్నెకు వేరే దారి లేదు. కాని తెర మీద ఏ గుర్తయినా వేయగల ఈ రోజుల్లో ఆ గతి ఎందుకు? రెండు అడ్డగీతలు చూపిస్తే సరిపోదా? అసలు వేగం మీటర్ల విషయంలో నియమాలు లేకపోలేదు. అనేక దేశాలు పాటించే ఐక్యరాజ్య సమితి నిబంధన ప్రకారం మీటరు చూపే వేగం అసలు వేగం కంటే ఎన్నడూ తక్కువ ఉండకూడదు. ఎక్కువ అంటే అసలు వేగంలో పదో వంతుకు మరో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు ఉండవచ్చు. తక్కువ చూపించడం నేరమైనప్పుడు, తెలియని వేగాన్ని సున్నాగా చూపించడం అంతకంటే పెద్ద నేరం కాదా? అలాంటి సున్నాను నిషేధిస్తూ ఒక నియమం ఉండాలంటాను.

ఇది మీ స్కూలు బస్సుకూ సంబంధించినదే. 2015లో కేంద్ర ప్రభుత్వం రవాణా వాహనాలకు వేగాన్ని అదుపు చేసే పరికరాలను, కొన్ని మినహాయింపులతో, తప్పనిసరి చేసింది. చాలా వాటికి హద్దు గంటకు 80 కిలోమీటర్లు; స్కూలు బస్సులు, టాంకర్లు, డంపర్ల వంటి వాటికి 60. ఆ పరికరం కూడా తిరిగే దేన్నో లెక్కపెట్టే సెన్సార్ మాటే వింటుంది. సెన్సార్ తీగ పీకేస్తే? పరికరం "బండి ఆగి ఉంది, కాబట్టి ఎంతైనా పోవచ్చు" అనుకునేటట్లుంటే అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. "వేగం తెలియడం లేదు, కాబట్టి మెల్లగానే పోనిస్తాను" అనుకునేటట్లుండాలి. అలా అయితే నడిరోడ్డు మీద తీగ దానంతటదే తెగినప్పుడు బస్సు నత్తనడక నడిచి అందరికీ ఆలస్యం కాదా అని డ్రైవరు అడగవచ్చు. నిజమే, ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి నేను ఒప్పుకుంటాను.

ఇక ఫ్యాక్టరీల్లోకి వెళితే ఇంకో చిక్కు ఉంది. చిప్ నిజమే చెబుతుంది, కాని ఏ చక్రాన్ని అడిగితే ఆ చక్రం గురించి చెబుతుంది. సింగరేణి వంటి గనుల్లో బొగ్గును మోసుకుపోయే కన్వేయర్ బెల్టులు ఉంటాయి. మోటారు ఒక చివర పుల్లీని తిప్పితే, పుల్లీ పట్టుకుని రబ్బరు బెల్టు నడుస్తుంది. బెల్టు ఎక్కడో ఇరుక్కుని ఆగిపోయినా మోటారు పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, ఆగిన రబ్బరును ఒకే చోట రాపాడిస్తూ. రబ్బరు వేడెక్కుతుంది, నిప్పంటుకోవచ్చు, చుట్టూ బొగ్గు! సెన్సార్‌ను మోటారు దగ్గర పెడితే అది "అంతా సవ్యంగా తిరుగుతోంది" అంటుంది. అబద్ధం కాదది. కాని మనకు కావలసిన నిజం కాదు. అందుకని సెన్సార్‌ను, బెల్టు లాగితేనే తిరిగే రెండో చివరి పుల్లీ దగ్గర పెడతారు.

విద్యుత్ కేంద్రాల్లో మరొక జాగ్రత్త. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేసేది గనుక, బొగ్గుతో నడిచే పెద్ద కేంద్రాల్లోని ఆవిరి టర్బైన్లు సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. దాని ఇరుసుకు 60 పళ్ళ చక్రం పెడితే ఒక తమాషా: సెకనుకు ఎన్ని పళ్ళు దాటాయో, నిమిషానికి అన్ని చుట్లు. ఎందుకో మీరే కాగితం మీద వేసి చూడండి. టర్బైను హద్దు మించి తిరిగితే ముక్కలై ఎగిరిపోతుంది. అందుకని వేగం మితిమీరితే ఆవిరిని ఆపేయాలి. ఒక్క సెన్సార్‌నే నమ్మితే, అది పొరపాటున అరిచినప్పుడల్లా ఊరంతా చీకటి. అరవవలసినప్పుడు మూగబోతే ప్రళయం. అందుకని మూడు సెన్సార్లు పెట్టి, మూడింటిలో రెండు ఒకే మాట చెబితేనే ఆపుతారు. పంచాయితీ తీర్పులాంటిదే.

రైలింజను దగ్గర చిప్‌కు గాని, తీగకు గాని ఏ జబ్బూ లేకపోయినా లెక్క తప్పవచ్చు. మన పెద్ద విద్యుత్ ఇంజన్ల చక్రం కొత్తలో 1092 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. అరిగి అరిగి 1016 మిల్లీమీటర్లకు వచ్చేదాకా వాడతారు. కంప్యూటరుకు ఈ సంగతి చెప్పకపోతే, అరిగిన చక్రంతో గంటకు 100 కిలోమీటర్లు పోతున్న ఇంజను 107కు పైగా పోతున్నదని అది లెక్క కడుతుంది. పళ్ళు సరిగానే లెక్కపెట్టింది, పన్నుకు ఎంత దూరమన్నదే పాతబడింది. ఒకదాన్నొకటి ఢీకొనకుండా రైళ్ళను కాపాడే "కవచ్" అనే ఏర్పాటును మన దక్షిణ మధ్య రైల్వేలోనే ముందుగా పరీక్షించి చూశారు. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో ప్రదర్శించారు కూడా. అందులో ఇంజను తాను ఎక్కడుందో తెలుసుకోవడానికి చక్రం చుట్లు లెక్కపెడుతుంది. కాని ఆ లెక్కనే నమ్ముకుని కూర్చోదు. పట్టాల మధ్య అక్కడక్కడ బిగించిన చిన్న రేడియో బిళ్ళలు "ఇది ఫలానా చోటు" అని చెబుతుంటాయి. బిళ్ళ దాటినప్పుడల్లా పాత లెక్క సరిదిద్దుకుని, అక్కడ నుంచి కొత్తగా మొదలుపెడుతుంది.

ఇక మీరు చేసి చూడడానికి ఒక పని. సైకిలును స్టాండు వేసి నిలబెట్టండి. పాత స్పీకరులోని అయస్కాంతం ముక్క ఒకటి వెనక చక్రం స్పోకుకు గట్టిగా దారంతో కట్టండి. ఇంట్లో పెద్దల ఫోను అడిగి తీసుకోండి; చాలా స్మార్ట్‌ఫోన్లలో దిక్సూచి కోసం అయస్కాంత సెన్సార్ చిప్ ఉంటుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారు తయారు చేసిన "ఫైఫాక్స్" అనే ఉచిత యాప్‌లో ఆ చిప్ చూపే అంకెలు గీతగా కనిపిస్తాయి. ఫోనును చక్రానికి జానెడు దూరంలో, కదలని బల్ల మీద పెట్టండి. (అయస్కాంతాన్ని బ్యాంకు కార్డుల దగ్గరికి మాత్రం పోనివ్వకండి, తిరిగే చక్రంలో వేళ్ళు పెట్టకండి.) పెడలును చేత్తో తిప్పండి. అయస్కాంతం ఫోను ముందు నుంచి పోయినప్పుడల్లా గీత ఒక్కసారి ఎగురుతుంది. పది సెకన్లలో ఎన్ని ఎగుళ్ళో లెక్కపెట్టండి. టైరు చుట్టుకొలత దారంతో కొలిచి, గుణించి, వేగం కట్టండి.

తరవాత చక్రాన్ని ఆపేయండి. గీత చదునుగా సాగుతుంది. అప్పుడు అంకె చూడండి. అది సున్నా ఉండదు. భూమి కూడా అయస్కాంతమే గనుక, మన ప్రాంతంలో 40 మైక్రోటెస్లాల చుట్టుపక్కల ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది. సైకిలు ఇనుము వల్ల, మీరు కట్టిన అయస్కాంతం వల్ల కొంచెం హెచ్చుతగ్గులుంటాయి. ఫోనును ఎటు తిప్పినా, ఎక్కడ పెట్టినా మొత్తం విలువ ఎప్పుడూ నిక్కచ్చిగా సున్నాయే చూపిస్తుంటే, అప్పుడు చూడవలసింది చక్రాన్ని కాదు, ఫోనును.